బేస్‌బాల్ పిచ్చర్‌కు ఎంవీపీ ఇవ్వడం న్యాయమేనా?

న్యాయమే, నిబంధనల ప్రకారం కూడా పిచ్చర్లు (బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లు) ఎంవీపీకి, అంటే సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డుకు, అర్హులే. "అయిదు రోజులకోసారి ఆడేవాడికి ఎందుకు?" అన్నది అసలు అభ్యంతరం. కానీ లెక్కపెట్టాల్సింది మ్యాచ్‌లను కాదు, అతను ఎదుర్కొన్న బ్యాటర్లను. రోజూ ఆడే బ్యాటర్‌కు సీజన్‌లో 600-700 సార్లు బ్యాటింగ్ దక్కుతుంది. 2011లో డెట్రాయిట్ పిచ్చర్ జస్టిన్ వెర్లాండర్ 34 మ్యాచ్‌లే మొదలుపెట్టినా, 251 ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్ మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్) 900 మందికి పైగా బ్యాటర్లకు బంతులేశాడు. 24 గెలుపులు, 250 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం). ఆ ఏడాది అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) ఎంవీపీ అతనే. అయితే ఇన్నింగ్స్ తక్కువైతే ఈ వాదన నిలవదు. అందుకే 60-70 ఇన్నింగ్స్ వేసే రిలీవర్ల (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్ల) విషయంలో నాకూ సందేహమే.

పిచ్చర్లకు విడిగా సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేది) ఉంది కాబట్టి ఎంవీపీ బ్యాటర్లకే అనుకోవడం పొరపాటు. సై యంగ్ మొదలైన 1956లోనే పిచ్చర్ డాన్ న్యూకోంబ్ రెండూ గెలిచాడు.