ముక్కు పుటాల వెడల్పు తగ్గించే సర్జరీ చేయించుకోవచ్చా?

సర్జరీతో పుటాలు నిజంగా తగ్గుతాయా, మచ్చ కనబడుతుందా, ఊపిరికి ఏమైనా ఇబ్బందా అని అడిగారు. సంబంధాలు చూస్తున్నారని, ఏ ఫోటోలో చూసినా ముందు ముక్కే కనబడుతోందని కూడా రాశారు. నేను హైదరాబాద్‌లో ఈ సర్జరీ చేయించుకుని కొన్నేళ్ళయింది. సంతోషంగానే ఉన్నాను. అయినా మీకు చెప్పేది ఒకటే: తొందరపడకండి, చేయించుకున్నా తక్కువే తీయించుకోండి.

ముందు ఆ ఫోటోల సంగతి. అవి సెల్ఫీలైతే వాటిని నమ్మి ఏ నిర్ణయానికీ రావద్దు. ముఖానికి 12 అంగుళాల దూరంలో తీసిన ఫోటోలో ముక్కు, 5 అడుగుల నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కకట్టి చూపించారు. ఇంట్లో ఎవరినైనా ఐదారడుగుల దూరంలో నిలబెట్టి, పగటి వెలుతురులో కాస్త జూమ్ చేసి తీయమనండి. నవ్వుతూ ఒకటి, నవ్వకుండా ఒకటి. మీ ముక్కు గురించి ఆ రెండు ఫోటోలనే అడగండి.

అప్పటికీ చేయించుకోవాలనే ఉంటే, వెడల్పు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. కొందరికి పుటల అంచులు బయటికి ఉబ్బి ఉంటాయి. కొందరికి ఉబ్బు ఉండదు, రంధ్రాల అడుగు భాగమే వెడల్పు. ఈ రెండింటికీ కోత వేరు. ఇంకొందరికి పుటలు మామూలుగానే ఉండి, ముక్కు కొన కిందికి వాలి చప్పిడిగా ఉండటం వల్ల పక్కలకు పరుచుకున్నట్టు కనిపిస్తుంది. వాళ్ళకు కొన లేపితే పుటల ఆకారం దానంతటదే కొంత మారుతుంది. అందుకే రైనోప్లాస్టీ, అంటే మొత్తం ముక్కు ఆకారం మార్చే సర్జరీ కూడా చేసేటప్పుడు పుటల పనిని చివర్లో పెట్టుకుంటారు, లేదా కొన్నాళ్ళు ఆగి చూస్తారు. నాకు చేసిన డాక్టరుగారు మాట్లాడిన సమయంలో సగం దీనికే పెట్టారు. చిన్న స్టీలు కొలత పరికరంతో రెండు పుటల మధ్య కొలిచి, నన్ను నవ్వమని మళ్ళీ కొలిచి, అద్దం చేతికిచ్చి ఊదారంగు మార్కరుతో పుట మొదట్లో గీత గీసి చూపించారు. అంత కొంచెమేనా అనిపించింది నాకు. ఒక్కో వైపు రెండు మూడు మిల్లీమీటర్లు తీస్తేనే ముఖం మారినట్టు కనిపిస్తుందట. తర్వాత అద్దంలో చూసుకుంటే ఆ మాట నిజమే.

ఇంతకుముందు వెళ్ళిన ఇంకో క్లినిక్‌లో మాత్రం నన్ను సరిగ్గా చూడకుండానే "మేడమ్, కోటేరు ముక్కు చేసేద్దాం" అన్నారు. ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే జెల్ ఇంజెక్షన్, వేస్తే చాలన్నారు కూడా. ఫిల్లర్ రంధ్రాలను తగ్గించదు. పైగా ముక్కులో వేసేది పొరపాటున రక్తనాళంలోకి వెళితే అక్కడి చర్మం చనిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. రెండు కళ్ళ లోపలి మూలల మధ్య ఎంత దూరమో ముక్కు కింది భాగం వెడల్పూ అంతే ఉండాలనే కొలతొకటి చెబుతారు. అది తెల్లవాళ్ళ ముఖాలను చూసి పెట్టుకున్న లెక్క. మన ముఖాలకు ముక్కు దానికంటే కొంచెం వెడల్పుగా ఉండటమే నప్పుతుంది.

సర్జరీ విషయానికొస్తే, న్యూయార్క్ సర్జన్ రాబర్ట్ వీర్ 1892లోనే దీన్ని వివరించారు, కొత్తదేమీ కాదు. పుటల పని ఒక్కటే అయితే సాధారణంగా ఆ చోటుకు మాత్రమే ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌తో గంటలోపు అయిపోతుంది. నొప్పంతా ఆ ఇంజెక్షన్‌దే. ముక్కు మొదట్లో సూది దిగగానే కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. తర్వాత చర్మం లాగుతున్నట్టు తెలిసిందే తప్ప నొప్పి లేదు. కుట్లు మామూలుగా 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. అప్పటిదాకా ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. పై పెదవి బిగుసుకుని, నవ్వు నాదికాదేమో అన్నట్టుండేది. కొన్ని వారాలకు అది సర్దుకుంది.

తక్కువ తీయించుకోమని ఎందుకంటున్నానంటే, చాలకపోతే మళ్ళీ కొంచెం తీయొచ్చు. ఎక్కువ తీసేస్తే పోయిన కండను తేలేరు. రంధ్రాలు ఇరుకై ఊపిరి పట్టేస్తుంది, కన్నీటిబొట్టు ఆకారంలోకి మారి చూడగానే సర్జరీ అని తెలిసిపోతుంది. దాన్ని సరిచేయాలంటే చెవి నుంచి ముక్క తీసి అతకాల్సిన పరిస్థితి రావచ్చు, అయినా మునుపటిలా అవుతుందన్న నమ్మకం లేదు. మీకు ఇప్పటికే ఒక ముక్కు దిబ్బడగా ఉంటుంటే, మధ్య గోడ వంకరుందేమో ముందే ఈఎన్‌టీకి చూపించుకోండి.

మచ్చ పుట చెంపను కలిసే మడతలో పడుతుంది. నాది మొదట ఎర్రగా, తర్వాత గోధుమరంగులో ఉండి, ఏడాదికి మడతలో కలిసిపోయింది. బాగా దగ్గరగా చూస్తే సన్నటి గీత కనబడుతుంది. ఎండ తగిలితే నల్లబడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ మానలేదు. అయితే మన చర్మానికి మచ్చలు గట్టిపడి ఉబ్బే గుణం ఎక్కువ. మీ చెవులు కుట్టిన చోట, ముక్కుపుడక చోట, భుజం మీది బీసీజీ టీకా మచ్చ దగ్గర తడిమి చూసుకోండి. ఎక్కడైనా బుడిపెలా లేచి ఉంటే, ఇంట్లో ఎవరికైనా కెలాయిడ్, అంటే ఇలా ఉబ్బి పెరిగే మచ్చ, ఉంటే, డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. నేనైతే అలాంటి మచ్చ ఉంటే ఈ సర్జరీ జోలికి వెళ్ళేదాన్ని కాదు.

సంబంధం కుదరడం కోసమైతే మాత్రం నాకు మనసొప్పదు. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళ మాటకి కోత పెట్టించుకుంటే, రేపు ఇంకొకరు పళ్ళంటారు, రంగంటారు. మీకోసం మీరు అనుకుంటున్నదైతే, ముహూర్తాలతో ముడిపెట్టకుండా ముందో వెనకో కొన్ని నెలలు ఖాళీ చూసుకోండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ డిగ్రీ ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ పేరు మెడికల్ రిజిస్టర్‌లో ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి. అందం కోసం చేసేదానికి ఇన్సూరెన్స్ రాదు కాబట్టి, థియేటర్ ఖర్చు, మందులు, తర్వాత సరిచేయాల్సి వస్తే అయ్యేది, అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. మన ఛాయ ఉన్నవాళ్ళకు వాళ్ళు చేసినవి, ఏడాది తర్వాత తీసిన ఫోటోలు చూపించమని అడగండి. నెలలోపు ఫోటోలే చూపిస్తే ఇంకొకరిని చూసుకోండి.