ఫోటో ప్రశ్నలు: డబ్బాలు విప్పే వీడియోలు చాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి: ఇంటర్నెట్‌లో ఫోటోగ్రఫీ ఎక్కడ నేర్చుకోవాలి? అందుకని ఫ్లాష్ గురించిన ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. అవి పంపినవారు మన్నించాలి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామ తను వాడిన కెనాన్ 1500డి కెమెరా, 18–55 లెన్సు నాకు ఇచ్చారు. యూట్యూబ్‌లో ఎన్నో వీడియోలు చూశాను. అయినా డయల్‌ను ఆటో మీదనుంచి కదపాలంటే భయం. ఇది చిన్న కెమెరా అన్న బెంగ కూడా ఉంది. ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చు. ఉచితంగా నేర్పే మంచి చోటు ఏదైనా చెప్పండి.
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మీరు చూసిన వీడియోల్లో ఫోటో తీయడం చూపించినవి ఎన్ని ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండమ్మా. కొత్త లెన్సు డబ్బా విప్పడం, పాత లెన్సును ఈసడించడం, చివర కొనుగోలు లింకు ఇవ్వడం. చాలావాటిలో ఇంతే. వాటిని దుకాణాల లెక్కలో వేసి వదిలేయండి. పాఠం చెప్పేవారిని గుర్తుపట్టడానికి నాకు ఒక గీటురాయి ఉంది. ఆ మనిషి తను తీసిన ఫోటో చూపించాలి. దాని ఎపర్చరు (లెన్సులో వెలుగు దూరే రంధ్రం), షట్టరు వేగం (వెలుగు పడే సమయం), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) చెప్పాలి. అందులో ఒక్క అంకె మార్చి మళ్లీ తీసి తేడా చూపించాలి. ఇలా చెప్పేవారు తెలుగులోనూ ఉన్నారు. వారి వీడియోలకు అరుపులు తక్కువ, కాబట్టి వెతుకులాటలో కాస్త కిందికి ఉంటారు.

మీరు మొదట చదవవలసింది మాత్రం వీడియో కాదు, మీ కెమెరా పుస్తకం. చేతులు మారిన కెమెరాకు అది ఎలాగూ ఉండదు. కెనాన్ వాళ్ల వెబ్‌సైటులో మీ మోడల్ పేరు కొడితే పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. మొత్తం చదవనక్కర్లేదు. డయల్ మీద ఏవీ, టీవీ, ఎం అనే అక్షరాలు ఎందుకున్నాయో చెప్పే పేజీలు చాలు.

తరువాత కేంబ్రిడ్జ్ ఇన్ కలర్ అనే వెబ్‌సైటు. అక్కడ ఉన్నదంతా రాతలో, బొమ్మల్లో ఉంటుంది. మీ ఇంగ్లీషు ఇబ్బందికి ఇదే మేలు. వీడియో కింద యంత్రం పుట్టించే తెలుగు అక్షరాలు మాటకు అందకుండా పరుగెత్తుతాయి. రాతనైతే బ్రౌజరులో తెలుగులోకి మార్చుకుని, అర్థం కానిచోట మళ్లీ ఇంగ్లీషు వాక్యం చూసుకోవచ్చు. ఎక్స్‌పోజర్ (ఫోటోకు అందే వెలుగు), డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందు వెనక ఎంత మేర పదునుగా కనబడుతుంది), హిస్టోగ్రామ్ (వెలుగునీడల పట్టిక) అనే మూడు పాఠాలు చదివి కంప్యూటర్ మూసేయండి.

మూసేసి మీ దేవరకొండ కోటకు వెళ్లండి. మెట్ల మీద ఎవరినైనా నిలబెట్టండి, వెనక కాస్త దూరంలో గోడ ఉండాలి. లెన్సును 55 దగ్గర, ఐఎస్ఓను 100 దగ్గర ఉంచి డయల్‌ను ఏవీ మీదకు తిప్పండి (ఎపర్చరు మనం ఎంచుకుంటే షట్టరు వేగం కెమెరా చూసుకునే పద్ధతి). ఎఫ్/5.6లో ఒకటి, ఎఫ్/8లో ఒకటి, ఎఫ్/16లో ఒకటి తీయండి (ఎఫ్ పక్కన అంకె పెరిగితే ఎపర్చరు రంధ్రం చిన్నదవుతుంది). గోడ రాళ్లు ఎలా తేరుకుంటూ వచ్చాయో చూడండి. షట్టరు వేగం ఎలా మారిందో కూడా చూడండి. ఎఫ్/8 నుంచి ఎఫ్/16కు వెళితే లోపలికి వచ్చే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది, కాబట్టి కెమెరా నాలుగింతల సేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఇది బొమ్మలో చూస్తే మరిచిపోతారు. మీ చేత్తో తిప్పి చూస్తే మరిచిపోరు. మండుటెండలో ఇంకో పరీక్ష చేయవచ్చు. ఎఫ్/16, ఐఎస్ఓ 100, షట్టరు సెకనులో నూరో వంతుకు దగ్గరగా పెట్టి తీయండి, వెలుగు దాదాపు సరిగ్గా కుదురుతుంది. ఫిల్ము రోజుల్లో వెలుగు కొలిచే మీటరు లేని కెమెరాలతో మేమంతా ఈ లెక్కతోనే నెట్టుకొచ్చాం.

మీ కెమెరా చిన్నదన్న బెంగ కూడా ఉత్తరంలో కనిపించింది. ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైటులో కెమెరా ఫైండర్ అనే విభాగం ఉంది. అందులో మీ మోడల్ పేరు వెతికితే సరిగ్గా అదే కెమెరాతో లోకమంతా తీసిన ఫోటోలు కనిపిస్తాయి. యజమాని దాచకపోతే ఫోటో కింద లెన్సు, ఎపర్చరు, షట్టరు, ఐఎస్ఓ కూడా ఉంటాయి. నచ్చినదాన్ని తెరిచి ముందు అంకెలు ఊహించండి, తరువాత చూడండి.

ఇవన్నీ ఒంటబట్టాక, లెక్కలంటే భయం లేకపోతే, మార్క్ లెవాయ్ పాఠాలు చూడండి. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో ఈ విషయం బోధించిన ప్రొఫెసర్. 2016లో గూగుల్‌లో చెప్పిన 18 పాఠాలను అందరికీ ఉచితంగా వదిలారు. పిక్సెల్ ఫోను చీకట్లో కూడా ఫోటో తీయగలగడం వెనక ఉన్న బృందాన్ని నడిపించింది ఆయనే. కానీ అది మొదటి మెట్టు కాదు. మొదటే ఎక్కబోతే మీరు ఫోటోగ్రఫీనే వదిలేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది మగ్గం ఇల్లు. చీరల ఫోటోలు తీసి ఫోనులో అమ్మకానికి పెడుతున్నాం. రాణీ రంగు చీర ఫోటోలో ఎర్రగా, నెమలికంఠం రంగు ఉత్త నీలంగా వస్తోంది. కొన్నవారు ‘రంగు వేరు’ అని తిప్పి పంపుతున్నారు. ఇది ఎక్కడ నేర్చుకోవాలి?
– ఒక నేత కుటుంబం, గద్వాల

జవాబు: ఈ ఉత్తరం నాకు బాగా నచ్చింది. అడిగింది ముచ్చట కోసం కాదు, బువ్వ కోసం. వెతకవలసిన మాటలు ‘వైట్ బ్యాలెన్స్’ (వెలుగు ఛాయను సరిచేసి రంగులు నిజంగా కనబడేలా చేయడం), ‘గ్రే కార్డ్’ (బూడిద రంగు కార్డు), ‘విండో లైట్ ప్రొడక్ట్ ఫోటోగ్రఫీ’. ‘శారీ ఫోటోషూట్’ అని వెతక్కండి, మోడళ్లు, పూలతోటలు, పొగ యంత్రాలు వస్తాయి.

తిప్పి పంపిన చీరలు ఇంట్లో ఉన్నాయి కాబట్టి పాఠం దొరికేలోపు ఇది చేయండి. గదిలో ట్యూబులైటు ఆర్పేయండి. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబులైటు వెలుగు ఇంకో రంగు. రెండూ కలిసి పడితే ఏ ఫోనూ సరిగ్గా తేల్చుకోలేదు. ఎండ నేరుగా పడని వసారాలో, వెలుగు ఒక పక్కనుంచి వచ్చేలా చీరను పరచండి. ఎదురుగా పడే వెలుగు నేతను చదును చేసేస్తుంది. పక్కనుంచి పడితే నూలు ఒంటికీ పట్టు అంచుకూ ఉన్న తేడా కనబడుతుంది, గద్వాల చీరకు విలువ తెచ్చేది ఆ తేడానే. చీర పక్కన బూడిద రంగు కార్డు పెట్టి మొదటి ఫోటో తీయండి. తెల్ల కాగితం పెట్టమని కొన్ని వీడియోల్లో చెబుతారు. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం నీలి ఛాయ తెస్తుంది కాబట్టి నేను ఒప్పుకోను. తరువాత స్నాప్‌సీడ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ తెరిచి, అందులోని పిప్పెట్ గుర్తుతో ఆ బూడిద రంగు మీద తాకండి. ఫోనులో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను ఒకచోట బిగించి, అన్ని చీరలూ అదే అంకెతో తీయండి. ఆటోలో వదిలేస్తే రాణీ రంగు చీరకు ఒక లెక్క, పచ్చ చీరకు ఇంకో లెక్క వేసుకుంటుంది.

ముదురు ఎరుపులు, గులాబీలు ముద్దగా వస్తే వెలుగును కాస్త తగ్గించి తీయండి. జరీ కూడా అప్పుడే తెల్లబోకుండా ఉంటుంది. ఇంత చేసినా కొనేవారి ఫోను తెర ఎలా చూపిస్తుందో మన చేతుల్లో లేదు. వసారా వెలుగులో తీసిన చిన్న వీడియో ఒకటి జతచేయండి.

ప్రశ్న: పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం శిల్పాలు, ఉదయసముద్రం మీద సూర్యాస్తమయం తీసి వాట్సాప్‌లో పెడితే అందరూ ‘సూపర్’ అంటారు. తప్పులు చెప్పేవారు ఎక్కడ దొరుకుతారు?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, నల్లగొండ

జవాబు: మన ఊరివారే కాబట్టి గడియారం సెంటర్ దగ్గరికి వచ్చి నా ముందు పెడితే నేనే చెబుతాను, కానీ మళ్లీ పలకరించకపోవచ్చు మీరు. మొహమాటం లేని చోటు కావాలంటే వికీమీడియా కామన్స్‌కు వెళ్లండి. వికీపీడియాలో కనిపించే చిత్రాల్లో ఎక్కువ భాగం అక్కడినుంచే వస్తాయి. అక్కడ క్వాలిటీ ఇమేజ్ అనే గుర్తింపు ఉంది. మీరు తీసిన ఫోటోను అందులో నిలబెడితే, మీ పేరు కూడా తెలియనివారు వచ్చి ‘నిలువు గీతలు వాలాయి’, ‘నీడల్లో నాయిస్ (గరుకు చుక్కలు) ఉంది’, ‘కుడి మూల పదును లేదు’ అని రాసి పోతారు. ఫోటో కనీసం 2 మెగాపిక్సెళ్లు ఉండాలి. ఆ గుర్తింపు రాకపోయినా ఫర్వాలేదు. ఇతరుల ఫోటోలను ఎందుకు తిప్పికొట్టారో వరుసగా చదవడం కూడా మంచి చదువే.

ఒక షరతు ముందే తెలుసుకోండి. అక్కడ పెట్టిన ఫోటోను మీ పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. మనసొప్పితేనే పెట్టండి. సూర్యాస్తమయాలు వద్దు, అక్కడ కుప్పలుగా ఉన్నాయి. శిల్పాలు పెట్టండి. ఛాయా సోమేశ్వరాలయానికి కూడా వెళ్లండి. గర్భగుడిలో నిలిచే ఆ నీడ పొద్దుతోపాటు జరగదు. నేరుగా పడే ఎండ కాకుండా బయటినుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగుతో ఏర్పడే నీడ అది. మెత్తని వెలుగు ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి వెలుగును మెత్తబరిచే ఖరీదైన సాఫ్ట్‌బాక్స్ కొనేముందు ఆ మండపంలో అరగంట కూర్చోండి. లోపల కెమెరా తీసేముందు అర్చకులను అడగడం మరిచిపోవద్దు.

ప్రశ్న: పిల్లలకు బడిలో ఫోటోగ్రఫీ క్లబ్బు పెట్టాం. గొప్ప ఫోటోలు చూపించాలని ఉంది. పుస్తకాల ధరలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.
– ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీ ఊరి పేరుతోనే మొదలుపెట్టండి మాస్టారూ. మహబూబ్‌నగర్ ఏ నిజాం పేరు మోస్తోందో, ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరే రాజా దీన్ దయాళ్ (1844–1905). సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. 1894లో నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చారు. ఆయన ఫోటోలు కామన్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద గాజు పలకల మీద తీసినవి. ఒక్కో చిత్రం తెర మీద వేసి, వెలుగు ఏ వైపునుంచి వచ్చింది, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, మనుషులను అలా ఎందుకు నిలబెట్టారు అని అడగండి. జవాబులు మీరు చెప్పకండి.

రెండోది, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటు. 1936లో ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంజ్ కాలిఫోర్నియాలోని బఠానీ కూలీల మకాములో తీసిన తల్లి ఫోటో ప్రపంచమంతా తెలుసు. అదే తల్లిని ఆమె అప్పుడే తీసిన మరికొన్ని ఫోటోలు కూడా అక్కడ ఉన్నాయి. అన్నీ పక్కపక్కన పెడితే గుడారమంతా కనబడే చిత్రం ఒకటి, ముఖం మీదికి వచ్చేసిన చిత్రం ఒకటి దొరుకుతాయి. దూరం మారితే కథ ఎలా మారుతుందో పిల్లలే పట్టుకుంటారు.

ప్రశ్న: 15 వేల రూపాయల ఆన్‌లైన్ కోర్సు, ఈ రాత్రితో రాయితీ ముగుస్తుందట. సర్టిఫికెట్ కూడా ఇస్తారట. పెళ్లి ఫోటోలు తీయాలని ఉంది. చేరాలా?
– ఒక యువకుడు, మిర్యాలగూడ

జవాబు: పెళ్లివారు మీ సర్టిఫికెట్ అడగరు, ఆల్బమ్ అడుగుతారు. ‘నేను తీసిన ఫోటోలు గురువుగారు స్వయంగా చూస్తారా, ఎన్నిసార్లు చూస్తారు?’ అని వారికి ఒక ప్రశ్న పంపండి. సూటిగా జవాబు రాకపోతే అది ఉచితంగా దొరికే పాఠాల కట్టే. ఉద్యోగం కోసం పట్టా కావాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ డిగ్రీ ఉంది. అది వేరే దారి.

ప్రశ్న: ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ ఒకటి స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. పెళ్లి ఫోటోలు దాచుకున్న కంప్యూటర్‌లో వేసుకోవచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: వద్దు. దాంతోపాటు ఏ వైరస్ వస్తుందో మీ స్నేహితుడికీ తెలియదు, పెళ్లి ఫోటోలు ఉన్న కంప్యూటర్ అది. డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం, చట్టబద్ధం. రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా దాచే మూల ఫైళ్లు) రెండింటిలోనూ తెరుచుకుంటాయి. డార్క్‌టేబుల్ మొదట గందరగోళంగా ఉంటుంది. దాని సొంత మాన్యువల్ కూడా వెబ్‌సైటులోనే ఉంది, ఎక్స్‌పోజర్ మాడ్యూల్ పేజీతో మొదలుపెట్టండి.