డాకా ఉన్న విద్యార్థి బయటి దేశంలో ఒక సెమిస్టర్ చదివి తిరిగి అమెరికా రావచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. 2021లో డాకా (చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి స్టేటస్ లేకుండా ఉన్నవాళ్ళని పంపేయకుండా, పని చేసుకోనిచ్చే తాత్కాలిక అనుమతి) వచ్చింది, ఇప్పుడు కాలేజీ తరఫున స్పెయిన్‌లో ఒక సెమిస్టర్‌కి సెలెక్ట్ అయ్యావు, వెళ్తే మళ్ళీ రానిస్తారా అని అడిగావు. అమ్మ వద్దని ఏడుస్తోందని కూడా రాశావు. నేనూ డాకా మీదే ఉన్నాను. 2022 వేసవిలో అడ్వాన్స్ పరోల్, అంటే బయటికి వెళ్ళి తిరిగి రావడానికి ముందుగా ఇచ్చే అనుమతి కాగితం తీసుకుని ఎనిమిది వారాలు హైదరాబాద్‌లో చదువుకుని తిరిగొచ్చాను. కాబట్టి దారి ఉంది. కానీ మీ అమ్మ భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

మా సంగతి కొంచెం చెప్తాను. 2003లో ఆరేళ్ళ వయసులో గుంటూరు నుంచి హెచ్4 మీద, అంటే నాన్న ఉద్యోగ వీసాతో పాటు కుటుంబానికి ఇచ్చే వీసా మీద వచ్చాను. 2009లో నాన్న ఉద్యోగం పోయింది, దాంతో అందరి స్టేటస్, అంటే ఇక్కడ చట్టప్రకారం ఉండే హక్కు పోయింది. డాకాకి ముఖ్యంగా కావాల్సింది 2007 జూన్ 15 నుంచి ఇక్కడే ఉండటం, 16 ఏళ్ళు నిండకముందే రావడం, 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన స్టేటస్ లేకపోవడం. ఈ చివరిది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. హెచ్4 మీద ఉండి, 21 నిండగానే ఆ వీసా పోయే పిల్లల సమస్యా, మన సమస్యా ఒకటే అనుకుని సలహాలిస్తారు. రెండూ వేరు. వాళ్ళకి చెప్పిన సలహా నీకు పనికిరాదు.

నేను అడ్వాన్స్ పరోల్‌కి మొదటిసారి అప్లై చేసింది 2017 జులైలో, డిగ్రీలో ఉండగా. సెప్టెంబర్ 5న డాకా రద్దు ప్రకటన వచ్చింది. పెండింగ్‌లో ఉన్న అడ్వాన్స్ పరోల్ అప్లికేషన్లన్నీ మూసేసి ఫీజులు వెనక్కి ఇచ్చేశారు. అప్పటికే ప్రోగ్రామ్‌కి డిపాజిట్ కట్టేశాం, అది పోయింది. అప్పుడు అర్థమైంది, ఆ కాగితం చేతికి రాకుండా ఒక్క డాలర్ కూడా తిరిగి రాని చోట పెట్టకూడదని. మళ్ళీ 2020 డిసెంబర్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఉత్తర్వుతోనే దారి తెరుచుకుంది.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది, నీ పేరు మీద పాత డిపోర్టేషన్ ఆర్డర్ (దేశం నుంచి పంపేయమని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు) ఏదైనా ఉందా అని. నీకు తెలియకుండానే ఉండొచ్చు. చిన్నప్పుడు అమ్మానాన్నలు ఏదో కేసు వేసి, అడ్రస్ మారి, కోర్టు నోటీసు అందక హాజరు కాకపోతే, పిల్లల పేరు మీద కూడా ఆర్డర్ వేసేస్తారు. అలాంటి ఆర్డర్ ఉండగా దేశం దాటితే, నిన్ను నువ్వే డిపోర్ట్ చేసుకున్నట్టు లెక్క. నీ వర్క్ పర్మిట్ కార్డు మీద ఎ-నంబర్ (ఇమ్మిగ్రేషన్ వాళ్ళు నీకిచ్చిన నంబర్) ఉంటుంది కదా, ఇమ్మిగ్రేషన్ కోర్టుల వెబ్‌సైట్‌లో అది కొడితే కేసు ఉందో లేదో కనిపిస్తుంది. అందులో ఏమీ లేకపోయినా లాయర్‌కి చూపించు.

పదేళ్ళ నిషేధం గురించి విని ఉంటావు. ఏడాది లేదా అంతకు మించి స్టేటస్ లేకుండా ఉండి దేశం వదిలితే పదేళ్ళు రానివ్వకపోవడం. 18 నిండకముందు గడిచిన కాలం ఆ లెక్కలోకి రాదు, డాకా అమల్లో ఉన్న కాలమూ రాదు. నీకు 16కే వచ్చి, ఒక్కరోజు కూడా గ్యాప్ లేకుండా రెన్యూ చేస్తూ ఉంటే నీకు ఆ లెక్క మొదలే కాలేదు. గ్యాప్ ఉన్నవాళ్ళకి ఆధారం 2012 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు ఇచ్చిన తీర్పు. అడ్వాన్స్ పరోల్ మీద వెళ్ళిరావడం ఆ నిషేధం కిందకి వచ్చే 'దేశం వదలడం' కాదని చెప్పింది. ఆ కేసు పేరు అర్రబల్లి, యెర్రబెల్లి. ఇండియా నుంచి వచ్చిన భార్యాభర్తల కేసు. మన ఇంటిపేర్ల లాంటి పేర్లు అలాంటి తీర్పు మీద చూసినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్లికేషన్ ఫారం ఐ-131. చదువు, ఉద్యోగం, మానవతా కారణాలు, ఈ మూడిట్లో ఒకటి చూపించాలి. సరదా ట్రిప్‌కి ఇవ్వరు. నేను పెట్టినవి కాలేజీ లెటర్, అక్కడి సంస్థ ఇచ్చిన అడ్మిషన్ లెటర్, డాకా అప్రూవల్, వర్క్ పర్మిట్ కాపీ, రెండు ఫోటోలు, తేదీలతో సహా నేను రాసిన ఒక పేజీ. ఆ కోర్సు నీ డిగ్రీకి ఎందుకు అవసరమో కాలేజీ లెటర్‌లో స్పష్టంగా ఉండేలా చూడు. అప్పట్లో ఫీజు 575 డాలర్లు, 2024 ఏప్రిల్‌లో 630 చేశారు. ఫైల్ చేసే రోజు యూఎస్‌సీఐఎస్ (ఈ అప్లికేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో మళ్ళీ చూసుకో. నాకు జనవరిలో వేస్తే మే చివర్లో వచ్చింది. ఆ నాలుగు నెలలూ పోస్ట్ బాక్స్ తీసిన ప్రతిసారీ టెన్షనే.

నువ్వు అడగనిది ఒకటి ఉంది, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మనది ఇండియన్ పాస్‌పోర్ట్. అమెరికా కాగితం తిరిగి రావడానికి మాత్రమే, స్పెయిన్‌లోకి వెళ్ళడానికి స్పెయిన్ వీసా కావాలి. 90 రోజులు దాటితే స్టూడెంట్ వీసానే. డాకా ఉన్నవాళ్ళ అప్లికేషన్ తీసుకుంటారా, అడ్వాన్స్ పరోల్ ముందే చూపించాలా అని వాళ్ళ కాన్సులేట్‌ని ఈ వారమే మెయిల్‌లో అడుగు, జవాబు దాచిపెట్టుకో. పాస్‌పోర్ట్ గడువు కూడా చూసుకో, నా రెన్యువల్‌కే మూడు నెలలు పట్టింది. నేను హైదరాబాద్ ఎంచుకోవడానికి సగం కారణం అదే, సొంత దేశానికి వీసా అక్కర్లేదు. దారిలో విమానం మారే దేశంలో మన పాస్‌పోర్ట్‌కి ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా కనుక్కో.

మిగతా సగం కారణం అమ్మమ్మ. పందొమ్మిదేళ్ళ తర్వాత శని, ఆదివారాలు గుంటూరు వెళ్ళాను. గుమ్మంలో నా గడ్డం పైకెత్తి, కింద మచ్చ కోసం వెతికింది. నాలుగేళ్ళప్పుడు తులసికోట దగ్గర పడితే అయిన మచ్చ. అది కనపడ్డాకే "నువ్వేనే" అంది.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీ చెకిన్ కౌంటర్‌లో ఆ అమ్మాయికి పరోల్ కాగితం ఏంటో తెలియలేదు. వీసా ఏదని నాలుగుసార్లు అడిగింది, సూపర్‌వైజర్ వచ్చేదాకా నలభై నిమిషాలు పక్కన నిలబెట్టారు. కాబట్టి నాలుగు గంటలు ముందే వెళ్ళు, ఒరిజినల్ చేతి సంచిలోనే ఉంచు. ఇక్కడ దిగాక అందరినీ పంపేసి నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టారు. రెండు గంటలు. ఏం చదివావు, ఎక్కడ ఉన్నావు అని అడిగి కాలేజీ లెటర్ చూసి స్టాంపు వేశారు. కాగితం ఉన్నా సరే, రానివ్వాలా వద్దా అన్నది ఆ ఆఫీసర్ చేతిలోనే ఉంటుంది. ఆ రిస్క్ ఎవరూ తీసెయ్యలేరు. పైగా ఇప్పటి వాతావరణం 2022లో లాగా లేదు. డాకా చెల్లదని టెక్సస్ రాష్ట్రం వేసిన కేసు నడుస్తూనే ఉంది. నేనైతే ఇవాళ సెమిస్టర్ మొత్తానికి వెళ్ళను, నాలుగైదు వారాల సమ్మర్ కోర్సు ఉందేమో అడుగుతాను. బయట ఉన్న ప్రతి వారం ఇక్కడ ఏదో ఒకటి మారే అవకాశం ఉన్న వారమే. నీ డాకా గడువు కూడా తిరిగొచ్చాక కనీసం ఆరు నెలలు మిగిలి ఉండేలా చూసుకో, బయట ఉండగా అది అయిపోతే తిరిగొచ్చే దారి మూసుకుపోయినట్టే.

లాయర్ దగ్గరికి వెళ్ళే రోజు అమ్మని కూడా తీసుకెళ్ళు. మీరు వచ్చిన కొత్తలో ఎవరు ఏ ఫారం వేశారో, ఏ అడ్రస్‌కి ఏ ఉత్తరం వచ్చిందో ఆవిడకే గుర్తుంటుంది. మా ఇంట్లో ఆ కాగితాలు అమ్మ పాత సూట్‌కేసులో, పట్టుచీరల కింద దొరికాయి.