మన కాలేజీ సిబ్బంది గురించి, కొత్త ప్రిన్సిపాలుకు

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో శుభములు. మన జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలు బాధ్యత నీకు అప్పగించినట్టు కరస్పాండెంటు గారు ఫోన్‌లో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. బైపీసీ మొదటి బెంచీలో కూర్చుని, రికార్డులో వేసిన బొమ్మ నచ్చకపోతే చెరిపి మళ్లీ వేసే అమ్మాయివి నువ్వు. పాఠం ఎలా చెప్పాలో, ఫలితాలు ఎలా తేవాలో నీకు నేను చెప్పనక్కరలేదు. ఇరవై రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాక, అదీ ఆలస్యంగా, నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. పదకొండు మంది లెక్చరర్లు, ఆరుగురు ఆఫీసు, ల్యాబు, వాచ్‌మన్ సిబ్బంది కలిసి పదిహేడు మంది ఉన్న మన కాలేజీలో, వాళ్లకు న్యాయం జరిగినన్నాళ్లే ఆ గేటు మీద మన క్రైస్తవ సంఘం పేరు ఉండటానికి అర్థం ఉంటుంది. ఈ ఉత్తరం అంతా దాని గురించే.

మన పెద్దలు విద్యాసంస్థల గురించి మాట్లాడినప్పుడల్లా 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హేయర్ గారిని, 1843లో బందరులో బడి తెరిచిన నోబుల్ గారిని తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. అయితే ఆ సంస్థల వెనుక మిషన్ సొసైటీలు పంపిన డబ్బు ఉండేది. మనది 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చిన తర్వాత, హైస్కూలు ఆవరణలోనే నాలుగు గదులు విడదీసి పెట్టిన కాలేజీ. మనకు వచ్చేది పిల్లలు కట్టే ఫీజు, ఎప్పుడైనా సంఘం నుంచి వచ్చే కానుక, అంతే. డబ్బు తక్కువైన ప్రతిసారీ మన నోటికి తేలికగా వచ్చే మాట 'సేవ'. 'ఇది ఉద్యోగం కాదు, సేవ' అని మీటింగులో చెప్పినప్పుడు లెక్చరర్లు తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని అంగీకారం అనుకోవద్దు. సేవ చేస్తానని ఎవరికి వారు అనుకోవాలే గాని, జీతం ఇవ్వవలసినవాడు ఆ మాట అనకూడదు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒక సంవత్సరం ప్రహరీ గోడ కట్టడానికి సంఘం కమిటీ తొందరపెడితే, ఫీజుల డబ్బు అటు మళ్లించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు జీతాలు ఆపాను. క్రిస్మస్ కార్యక్రమం మాత్రం ఘనంగా చేశాం. సంక్రాంతి సెలవుల ముందు రోజు సాయంత్రం స్టాఫ్ రూముకు వెళ్తే, లెక్కల మాస్టారు ఒక్కడే కూర్చుని, ఖాళీ చాక్‌పీసుల పెట్టె మూత మీద పెన్సిలుతో కూడికలు వేస్తున్నాడు. ఏ సమస్య చేస్తున్నాడో అని వంగి చూశాను. బియ్యం, పాలు, పిల్లవాడి స్కూలు ఫీజు, చిల్లర కొట్టు బాకీ, కింద మొత్తం. నన్ను చూసి మూత తిరగేశాడు. సెలవుల తర్వాత ఆయన తిరిగి రాలేదు. విజయవాడలో ఒక పెద్ద కాలేజీలో చేరాడని తెలిసింది. సెకండియర్ ఎంపీసీ పిల్లలు ప్రీఫైనల్‌కు లెక్కల మాస్టారు లేకుండా కూర్చున్నారు. ఆయనది కృతఘ్నత అని కమిటీలో ఒకరన్నారు. నేను ఆ మాటను ఖండించలేదు. ఆ రోజు మౌనంగా ఉన్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కూలివాడి కూలి ఆ రోజు పొద్దుగూకక ముందే ఇచ్చివేయాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం మీద నేనే ఒకసారి చాపెల్లో ప్రసంగించాను.

కాబట్టి నువ్వు చేయవలసిన మొదటి పని జీతపు తేదీ నిర్ణయించి, అది తప్పకుండా చూడటం. ఫీజులు కాలేజీ తెరిచిన కొత్తలో కొంత, పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో కొంత వస్తాయి. మధ్య నెలల్లో పెట్టె ఖాళీగా ఉంటుంది. మొదటి విడత రాగానే రెండు నెలల జీతాలకు సరిపడే మొత్తం వేరే ఖాతాలో వేయించు. ఆ ఖాతా నుంచి జీతాలకు తప్ప దేనికీ చెక్కు రాయకూడదని కరస్పాండెంటు గారి చేత తీర్మానం చేయించు. గోడ ఆగితే ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆగదు.

చిన్న కాలేజీలకు చట్టాలు వర్తించవన్న నమ్మకం మన వాళ్లలో గట్టిగా ఉంది. ప్రావిడెంట్ ఫండు చట్టం ఇరవై మంది ఉన్నచోటనే తప్పనిసరి అన్నది నిజమే. అయినా యాజమాన్యం, ఉద్యోగులు ఒప్పుకుంటే తక్కువ మంది ఉన్నా చేరవచ్చు. ఉద్యోగం విడిచేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకి పది మంది చాలు. ఉపాధ్యాయులు కూడా దానికి అర్హులేనని 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 నుంచే వర్తింపజేసింది. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన సంవత్సరాలతో మళ్లీ హెచ్చవేస్తే ఇవ్వవలసిన మొత్తం తేలుతుంది. పద్దెనిమిది వేల జీతంతో ఇరవై ఏళ్లు చేసిన వ్యక్తికి అది రెండు లక్షల ఏడు వేలు దాటుతుంది. వీడ్కోలు సభ నాడు ఒక్కసారిగా అంత తీయాలంటే గుండె ఆగుతుంది గాని, నెలనెలా జీతాల మొత్తంలో అయిదు శాతం పక్కన పెడితే ఇంచుమించు సరిపోతుంది. శాలువా, బైబిలు, ఫోటో ఇచ్చి ముప్పై ఏళ్ల మనిషిని పంపేసిన సభల్లో నేను అధ్యక్షత వహించాను. నువ్వు అలా చేయవద్దు.

మన స్టాఫ్ రూములో ఒకప్పుడు ఇంకో బాధ ఉండేది. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులో ఉన్నవారికి ప్రభుత్వ స్కేలు, అదే పాఠం పక్క సెక్షనుకు చెప్పే అన్‌ఎయిడెడ్ లెక్చరరుకు అందులో అయిదో వంతు. ఎయిడెడ్ వారు రిటైరైన కొద్దీ ఆ ఖాళీలు నిండలేదు; 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్న ఉత్తర్వులు వచ్చినప్పుడు మన వంటి సంస్థలన్నీ కలవరపడ్డాయి. ఇప్పుడు మిగిలినవారంతా యాజమాన్యం జీతం మీద ఉన్నవారే. వారిలో ఎక్కువ తక్కువలు ఎందుకున్నాయో కాగితం మీద కారణం రాయలేకపోతే ఆ తేడా తీసివేయి.

బోధించని వారి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వారిని సంఘం దాదాపు చూడదు. హైదరాబాదులో ఇంటర్ బోర్డు ఉన్న రోజుల్లో, పరీక్ష రాసే పిల్లల జాబితాలు, అంటే నామినల్ రోల్స్, ఎప్పుడో పంపేశాక, ఒక రాత్రి మన సీనియర్ అసిస్టెంటు ఆఫీసు కాపీ మళ్లీ సరిచూస్తూ ఒక పిల్లకు సెకండ్ లాంగ్వేజి తెలుగుకు బదులు సంస్కృతం పడిందని పట్టుకున్నాడు. నాకు ఫోను చేసి, రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి నాంపల్లిలో బోర్డు ఆఫీసు ముందు నిలబడ్డాడు. హాల్ టికెట్ సరిగ్గా వచ్చింది. ఆ పిల్లకు గాని, వాళ్ల నాన్నకు గాని ఈ సంగతి ఈనాటికీ తెలియదు. ఆ మనిషికి బస్సు చార్జీ ఇవ్వడానికి వోచరు మీద సంతకం పడేసరికి రెండు నెలలు పట్టింది. టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు, పరీక్ష ఫీజు చలానాలు చూసేవారికి నీ పక్కన కుర్చీ వేయించి స్టాఫ్ మీటింగులో కూర్చోబెట్టు. ల్యాబ్ అటెండరును పేరుతో, గారు చేర్చి పిలువు. పిపెట్టులో నీటి మట్టం ఎక్కడ చూడాలో మన పిల్లల్లో చాలామందికి మొదట చూపించింది ఆయనే.

మన సిబ్బందిలో సగం మంది వేరే విశ్వాసాల వారు. ఉదయం ప్రార్థనకు రాని లెక్చరరును గుర్తుపెట్టుకుని ఇంక్రిమెంటు వేళ అది తీసే అలవాటు నాకంటే ముందు నుంచి ఉంది. దాన్ని మాన్పించు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చదివేవారిని వారి సమ్మతి, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. పిల్లలకే ఇవ్వవలసిన ఆ గౌరవం పెద్దలకు ఇవ్వకపోవడం ఏం బాగుంటుంది? నువ్వు ప్రార్థన మానవద్దు, కుదించవద్దు; ఇష్టపడి వచ్చేవారితో చేయి.

ఖాళీ వచ్చినప్పుడు నీ మీద అన్నిటికంటే పెద్ద ఒత్తిడి వస్తుంది. ఫలానా పెద్దగారి కోడలు, ఫలానా పాస్టరు గారి మేనల్లుడు అని ఫోన్లు వస్తాయి. రాజ్యాంగం 30వ అధికరణం మనకు సంస్థలు నడుపుకొనే హక్కు ఇచ్చిందని వాళ్లే గుర్తుచేస్తారు. నడిపే హక్కులో అస్తవ్యస్తంగా నడిపే హక్కు లేదని 1958లో కేరళ విద్యా బిల్లు విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది. వచ్చిన ప్రతివారి చేతా నలభై నిమిషాలు నిజమైన క్లాసు చెప్పించు, వెనక బెంచీలో కమిటీ సభ్యులను కూర్చోబెట్టు. క్లాసు అయ్యేసరికి చాలా సిఫారసులు వాటంతటవే తగ్గుతాయి. బంధువు బాగా చెబితే తీసుకో. అందులో తప్పు లేదు.

ఇంకొకటి, సంఘం పరువు పేరుతో దాచిపెట్టమని నిన్ను అడగబోయే విషయం. మన పిల్లలు పదహారు, పదిహేడేళ్లవారు. సిబ్బందిలో ఎవరి ప్రవర్తన మీదనైనా ఒక పిల్ల లైంగిక వేధింపు అని చెబితే, లోపల మాట్లాడుకుని సర్దుబాటు చేసే అధికారం నీకు గాని, కరస్పాండెంటు గారికి గాని, బిషప్ గారికి గాని లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. తన కింద పనిచేసే వారి నేరాన్ని తెలిసీ చెప్పని సంస్థ అధిపతికి ఏడాది వరకు శిక్ష ఉంది. మహిళా సిబ్బంది ఫిర్యాదుల కోసం 2013 చట్టం చెప్పిన అంతర్గత కమిటీ మన దగ్గర కాగితం మీదే ఉండేది. పది మంది ఉన్న ప్రతిచోటా అది ఉండాలి, సగం మంది స్త్రీలుండాలి, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో రావాలి. మొదటి నెలలోనే వేసి, పేర్లు నోటీసు బోర్డులో పెట్టు. శిక్ష భయంతో కాదమ్మా, మన దగ్గరికి పిల్లల్ని పంపే తల్లులు ఆ గేటు మీది పేరు చూసి పంపుతున్నారు, అందుకు.

నీ గదిలో ఇనుప బీరువా రెండో అరలో పచ్చ అట్ట రిజిస్టరు ఒకటుంది. పదిహేడు మంది చేరిన తేదీ, జీతం, పెంచిన సంవత్సరాలు, బాకీ పడిన సెలవులు నా చేతిరాతలో ఉన్నాయి. వాచ్‌మన్ గారి పేజీలో చివరి పెంపు ఎదుట నేను ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. కమిటీకి రాయాలనుకుని రాయలేకపోయాను. నువ్వు అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు