పాత పైథాన్ కొనాలా, కొత్తదా?

ప్రశ్న: 1960ల నాటి కోల్ట్ పైథాన్ రివాల్వర్ అమ్మకానికి వచ్చింది. 2020లో మళ్లీ వచ్చిన పైథాన్ కన్నా మేలేనా? ఏం చూసి కొనాలి?

జవాబు: సేకరణకైతే పాతదే. 1955లో మొదలైన ఆ మోడల్‌లో లోపలి భాగాలను చేత్తో సానబట్టి అమర్చేవారు. ఆ ముదురు నీలి మెరుపు ఎంత చూసినా తనివి తీరదు! కానీ తూటాలుండే సిలిండర్‌ను తిప్పే చిన్న మీట అరిగితే టైమింగ్ తప్పుతుంది, అంటే తూటా గది సమయానికి గొట్టానికి ఎదురుగా వచ్చి నిలవదు. ముందు ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని చూసుకోండి. తర్వాత సిలిండర్‌కు వేలు తేలిగ్గా ఆనించి, హ్యామర్‌ను (వెనకుండే సుత్తి లాంటి భాగాన్ని) మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ నిలిచేలోపే సిలిండర్ ‘టక్’మని బిగుసుకోవాలి. ఆరింటికీ ఇలాగే చూడండి. ఒక్కటి ఆలస్యమైనా మరమ్మతు తప్పదు. చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారితే మళ్లీ పాలిష్ పట్టారన్నమాట, వదిలేయండి.

కొత్తదాంట్లో భాగాలు తక్కువ, వెనుక సైట్ (గురి చూసే భాగం) కింద ఉక్కు ఎక్కువ. తరచూ కాల్చేవారికి అదే నయం.