తాతగారి పెట్టెలో పిస్తోలు: ధర సంగతి తర్వాత

ప్రశ్న: మా తాతగారు 1974లో పోయారు. ఆయనకు ఒక్కగానొక్క సంతానమైన మా నాన్నగారు కిందటి ఏడాది కాలం చేశారు. ఈమధ్య పాత ఇనప్పెట్టె తెరిస్తే గుడ్డలో చుట్టిన పిస్తోలు కనిపించింది. తూటాలు లేవు, లైసెన్సు కాగితాలూ లేవు. పిడికి రెండు వైపులా తెల్లటి బిళ్లలు ఉన్నాయి. సుత్తి కొన చిన్న గిన్నెలా గుంటగా ఉంది, దాని కింద మొలక లాంటిది ఉంది. గొట్టం మీద కిరీటం ముద్రలు కనిపిస్తున్నాయి. మా తమ్ముడు ఫొటో పంపితే విదేశంలో ఉన్న ఒకాయన లక్షలు ఇస్తానంటున్నారు. ఇది ఎప్పటిది? ఎంత చేస్తుంది? అమ్ముకోవచ్చా? ఇంట్లో అమ్మ, అక్క, మేమిద్దరం అన్నదమ్ములం ఉన్నాం.

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు కానీ, ముందు అడగవలసిన నాలుగోదాన్ని వదిలేశారు. అసలు అది మీ ఇంట్లో ఉండవచ్చా?

అంతకంటే ముందు ఒక జాగ్రత్త. తూటాలు లేవు కాబట్టి ఖాళీ అనుకోకండి. మీరు చెప్పిన రకంలో మందూ గుండూ గొట్టం మూతి నుంచే కూరేవారు, అలా కూరి ఉంచేసినవి నేటికీ బయటపడుతుంటాయి. తుపాకి మందు పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. సుత్తి లాగి చూడటం, మీట నొక్కడం, వేడి చేయడం ఏవీ వద్దు.

ఇక చట్టం. ఇంతకాలం అది పెట్టెలో ఉన్నట్టు మీకు తెలియదు. ఆ తెలియకపోవడానికి చట్టంలో విలువ ఉంది. ఆయుధం స్వాధీనంలో ఉండటమంటే అది ఉందని తెలిసి, దానిమీద అదుపు కలిగి ఉండటమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పెట్టె మూత తీసిన రోజుతో మీకు ఆ రక్షణ తీరిపోయింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, 2019 సవరణ తర్వాత, రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, దానికి తోడు జరిమానా. కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలన్నది నిజమే. దాన్ని నమ్ముకుని ఊరుకోమని మాత్రం నేను చెప్పను.

"పాతది కదా, చట్టం వర్తించదటగా" అని చాలామంది అంటారు. వాళ్లు సగం వాక్యమే చదివారు. ఆ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది వాడుకలోంచి పోయిన నమూనాకో, పురాతన విలువ ఉన్నదానికో, చెడిపోయినదానికో. అయితే అది మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. అసలు ముడి ఈ చివరి మాటలోనే ఉంది. వస్తువు ఎంత చక్కగా నిలిచి ఉంటే సేకర్తల దగ్గర అంత ధర, ఆ చక్కదనమే ఈ మినహాయింపును దూరం చేస్తుంది. మీ వర్ణనను బట్టి సుత్తి, మొలక బాగానే ఉన్నట్టున్నాయి. "మరమ్మతు చేసినా పనికిరాదు" అని నిపుణుడు రాసి ఇస్తాడన్న ఆశ నాకు తక్కువ.

అందుకని గొట్టం పాడుచేసే ఆలోచన చేయకండి. ఒక పెద్దమనిషి నన్ను అడగకుండానే గొట్టంలో సీసం పోయించి, చింతపండుతో తళతళలాడేలా తోమి తెచ్చారు. సీసం కరిగిస్తే పోతుందని నిపుణుడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. మినహాయింపు రాలేదు, ముద్రలు అరిగిపోయాయి, ధరా పోయింది.

మీకు పనికొచ్చే దారి మరొకటి ఉంది. క్యూరియో, అంటే అపురూపమైన పాత వస్తువు, అనే వర్గంలోకి వచ్చే చిన్న ఆయుధాలను సంపాదించడానికి, ఉంచుకోవడానికి భారత పౌరులకు లైసెన్సు అక్కర్లేదని 2020 ఫిబ్రవరి 12న కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. వాడాలన్నా, వెంట పట్టుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించాలన్నా లైసెన్సు కావలసిందే. అంటే వెల కట్టించడానికి సంచీలో వేసుకుని బస్సెక్కకూడదు. ఇక అది క్యూరియో అవునో కాదో మీరూ నేనూ తీర్మానించేది కాదు, అధికారి ఒప్పుకున్నట్టు కాగితం ఉండాలి.

కాబట్టి ఈ వారంలోనే స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి, నకలు లైసెన్సులిచ్చే అధికారికి పంపండి. జిల్లాల్లో ఆయన జిల్లా మేజిస్ట్రేట్, కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరి ఎదుట దొరికిందో రాసి, ఫొటోలూ నాన్నగారి మరణ ధ్రువపత్రమూ జతచేయండి. నిపుణుడితో పరీక్ష చేయించి క్యూరియో అవునో కాదో తేల్చమని, అంతవరకు స్వాధీనం చేసుకుని రసీదు ఇవ్వమని కోరండి. వస్తువును మీరు మోసుకెళ్లవద్దు, వాళ్లనే రమ్మనండి. ముద్రలు, నంబరు, కొలతలు, ఉన్న గీతలు, మచ్చలు అన్నీ రసీదులో ఎక్కాలి. ఇలా డిపాజిట్ చేసిన ఆయుధాన్ని అర్హత సంపాదించి తిరిగి తీసుకునే హక్కు, అర్హులకు అమ్మే హక్కు ఆయుధాల చట్టం 21వ సెక్షన్ కింద మీకుంటాయి. నిర్ణీత గడువు దాటనిస్తే జప్తు అవుతుంది. ఒకవేళ క్యూరియో కాదని తేలితే వారసుల కోటాలో లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, మిగతా వారసుల అంగీకారంతో.

వయసు సంగతికి వస్తే, గిన్నెలాంటి సుత్తి, దాని కింద మొలక అంటే క్యాపు పెట్టి పేల్చే రకం. క్యాపు అంటే ఆ మొలక మీద తొడిగే, సుత్తి దెబ్బకు అంటుకునే మందున్న చిన్న లోహపు టోపీ. అంతకుముందువాటిలో సుత్తి దవడల మధ్య చెకుముకి రాయి ఉండేది. 1820ల తర్వాత క్యాపు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది, తర్వాత లోహపు తూటాలు క్యాపును నెట్టేశాయి. కాబట్టి మీది అసలుదే అయితే పందొమ్మిదో శతాబ్దం నడిమిది కావచ్చు. కిరీటం ముద్రలు ఏ ప్రూఫ్ హౌస్‌వో చూడాలి. గొట్టాన్ని అధిక మందుతో పరీక్షించి ముద్ర వేసే సంస్థలవి. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది, దాని ముద్ర ఉంటే పిస్తోలు అంతకంటే పాతది కాదు. సింహం బొమ్మ కనిపిస్తే ఈస్టిండియా కంపెనీ ఆయుధమేమో చూడాలి. అక్షరాలు తిరగబడి ఉన్నా, స్పెల్లింగు తప్పినా నకలని అనుమానించండి, అలాంటివి కొల్లలు.

ఫొటో చూసి ధర చెప్పేవారిని నేను నమ్మను. భాగాలన్నీ మొదటివేనా, తర్వాత మార్చినవా, చేసినవాడి పేరుందా, పైపూత చెక్కుచెదరలేదా, మందు భరిణె, గుండ్లు పోసే అచ్చు వంటి జత సరంజామా ఉందా అన్నవాటి మీద ధర ఆధారపడుతుంది. తాతగారికి అది ఎలా వచ్చిందో చెప్పే పాత ఉత్తరమో, ఫొటోనో దొరికితే దానికీ విలువే. ఆ పెట్టెలోని కాగితాలు పారేయకండి.

తెల్ల బిళ్లల సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అడ్డుకోత దగ్గర జల్లెడలా ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలు కనిపిస్తే అది ఏనుగు దంతం. అప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి కూర్చుంటుంది. దంతపు వస్తువు అమ్మకానికి వీల్లేదు. వారసత్వంగా వచ్చినదాని గురించి 90 రోజుల్లోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలపాలి, నాన్నగారు పోయి ఏడాదైంది కాబట్టి ఆలస్యానికి కారణం కూడా రాయవలసి వస్తుంది. ఎముక అయితే ఈ బెడద లేకపోవచ్చు. పరీక్షలో ఈ విషయం కూడా తేల్చమని ఉత్తరంలో ఒక వాక్యం చేర్చండి.

విదేశీ బేరం మాత్రం ఈరోజే తెంచేయండి. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు, దాన్ని దేశం దాటించే హక్కు వ్యక్తులకు లేదు, ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు. దేశంలో అమ్మకం కూడా పై కాగితాలన్నీ చేతికొచ్చాకే. తుపాకీగానే తేలితే, ముందుగా రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగి, అర్హత ఉన్నవారికే అమ్మాలి.

వాటాలు సులువు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అక్క, మీరు, తమ్ముడు నలుగురికీ సమానం. పెళ్లయినా అక్క వాటా తగ్గదు. ఉత్తరం మీద నలుగురూ సంతకాలు చేయండి, ఆ ఫొటో ఇంకెవరికీ పంపవద్దని తమ్ముడికి చెప్పండి.