ఒక్క రోజు ఖాళీ దొరికితే యార్క్ వెళ్లండి

“ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను, ఒక్క ఆదివారం ఖాళీ ఉంది, పెద్దగా ఖర్చు లేకుండా ఎక్కడికి వెళ్లొచ్చు?” అని ఒక స్టూడెంట్ అడిగారు. నేనూ అక్కడే చదివాను. యార్క్ వెళ్లండి. రైల్లో అరగంట కూడా పట్టదు, రైల్‌కార్డ్ ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. వయసు 25 దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే ఆ కార్డు ఇస్తారు.

నేను వెళ్లింది ఏప్రిల్‌లో. అసైన్‌మెంట్ల టెన్షన్, వారాంతాల్లో గోడౌన్‌లో డ్యూటీ, నిద్ర సరిగ్గా లేని రోజులు. ఆ ఆదివారం డ్యూటీ లేదని రాత్రి మెసేజ్ వచ్చింది. పొద్దున్నే పులిహోర డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను.

స్టేషన్ బయటికి రాగానే కోటగోడ కనిపిస్తుంది. మొత్తం మూడున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎక్కడానికి టికెట్ లేదు. గోడ కింద గట్టంతా పసుపు డాఫొడిల్ పూలు. చుట్టూ తిరిగే ఓపిక లేకపోతే బూతమ్ బార్ అనే గుమ్మం దగ్గర ఎక్కి మంక్ బార్ దగ్గర దిగండి. పెరళ్ల మీదుగా మిన్‌స్టర్ చర్చి వెనక వైపు కనిపిస్తుంది. కొన్నిచోట్ల లోపలి పక్క రెయిలింగ్ లేదు, ఫోన్ చూస్తూ నడవకండి. అన్నట్టు, ఆ ఊళ్లో పేరు చివర ‘గేట్’ ఉంటే అది వీధి, ‘బార్’ అంటే కోట గుమ్మం. 866లో స్కాండినేవియా నుంచి వచ్చి ఊరిని పట్టుకున్న వైకింగుల భాషలో గేట్ అంటే వీధేనట.

షాంబుల్స్ సందుకి జనం రాకముందే వెళ్లండి. ఒకప్పుడు అన్నీ మాంసం కొట్లే. వేటలు వేలాడదీసిన ఇనప కొక్కేలు కొన్ని షాపుల ముందు ఇంకా ఉన్నాయి.

నేను ఎక్కువసేపు గడిపింది మాత్రం నేషనల్ రైల్వే మ్యూజియంలోనే. ప్రవేశం ఉచితం. మా నాన్న కాజీపేట షెడ్డులో ఫిట్టరు, తాతయ్య స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్. అందుకే లోపలికి వెళ్లగానే నాన్నకి వీడియో కాల్ చేశాను. 1938లో గంటకు 203 కిలోమీటర్ల వేగం అందుకున్న నీలం రంగు స్టీమ్ ఇంజన్ మల్లార్డ్‌ని ముందు చూపించాను. నాన్న బాగుందన్నారు, అంతే. పక్కన ఒక ఇంజన్‌ని లోపలి భాగాలు కనిపించేలా నిలువునా కోసి పెట్టారు. అది చూడగానే ఆయన గొంతు మారిపోయింది.

“ఫోన్ ఇంకొంచెం కిందికి పెట్టమ్మా. ఆ గొట్టాల్లోంచి మంట పోతుంది, చుట్టూ నీళ్లు. ఇటు తిప్పు, అదే పొయ్యి. మీ తాత దాంట్లోకే బొగ్గు వేసేవాడు. డ్యూటీ దిగాక చేతులు వణికి ముద్ద పట్టేది కాదు, నాయనమ్మ కలిపి పెట్టేది.”

తాతయ్య గురించి ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు. నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. పులిహోర తినడం కూడా మర్చిపోయాను.

మిన్‌స్టర్ లోపల చూడాలంటే టికెట్ కొనాలి, కానీ సాయంత్రం జరిగే ఈవెన్‌సాంగ్ ప్రార్థనకి అక్కర్లేదు. టైము ముందే చూసుకుని వెళ్లండి. పిల్లలు, పెద్దలు కలిసి పాడుతుంటే వెనక వరసలో కూర్చుని విన్నాను. క్లిఫర్డ్స్ టవర్ అనే పాత కోట బురుజు చూడటం కుదరలేదు. నాన్నకి పాస్‌పోర్ట్ అప్లై చేశాం, ఆయన వచ్చాక ఇద్దరం కలిసి వెళ్తాం.